ఖాళీగా కూర్చున్న నలభై బ్లాకులు

ఈ నాలుగు ముక్కలూ వర్క్‌షాపులో కొత్తగా చేరే పిల్లల కోసం రాస్తున్నాను. నాకు ఏ గ్రేడు ఎప్పుడొచ్చింది, ఏ సభలో ఏ శాలువా కప్పారు అన్నవి ఇందులో ఉండవు. శాలువాలు బీరువాలో ఉన్నాయి, చలికాలం పనికొస్తాయి. గోదావరిఖనిలో బొగ్గు కంపెనీ ఎలక్ట్రానిక్స్ సెక్షన్‌లో ముప్పై ఏళ్లకు పైగా పనిచేసి, తెలంగాణ వచ్చిన ఏడు రిటైరయ్యాను. ఇన్నేళ్లలో ఒక్క సంగతి మాత్రం మీకు చెప్పి తీరాలి. అదే రాస్తాను.

ముందే ఒక మాట చెప్పాలి. నేను ఒక్కసారి కూడా బాయి దిగలేదు. మా దగ్గర బొగ్గు గనిని బాయి అంటారు. ఆడవాళ్లు భూమి కింద పనిచేయకూడదని అప్పటి చట్టం. కింద పెట్టే యంత్రాలను పైన బల్ల మీద బాగుచేయడం నా ఉద్యోగం. "కింద ఎట్లుంటదో నీకేం ఎర్క" అని నాతో అన్నవాళ్లు తక్కువేం కాదు. నిజమే, ఎరుక లేదు. కానీ కిందికి పోయి పైకొచ్చిన ప్రతి పెట్టెనూ విప్పి చూసినదాన్ని నేను. ఏది తడిసింది, ఏది దెబ్బతిన్నది, దేన్ని ఎవరు స్టూలు చేసుకుని కూర్చున్నారు అన్నది కింద ఉన్నవాళ్లకంటే నాకే బాగా తెలుసు.

కొత్త గిన్నె కడిగినట్టు

రెండు వేల సంవత్సరం దాటాక మాకు కొత్త గ్యాస్ రికార్డర్లు వచ్చాయి. అంతకుముందు కాగితం చుట్ట మీద పెన్ను గీత గీసుకుంటూ పోయేది. తేమకు కాగితం ఉబ్బేది, సిరా పాకేది. కొత్త పెట్టెలో పెన్నూ లేదు, కాగితమూ లేదు. బాయిలో పేలే గ్యాస్ ఎంత ఉంది, విషపు గ్యాస్ ఎంత ఉంది, వేడి ఎంత ఉంది అన్నవి కొన్ని సెకన్లకోసారి కొలిచి ఫ్లాష్ మెమరీ చిప్పులో దాచుకుంటుంది. మీ పెన్ డ్రైవుల్లో ఉండేది అలాంటి చిప్పే. పదిహేను రోజులకోసారి పెట్టెను పైకి తెస్తే, కంప్యూటర్‌కు తగిలించి గ్రాఫు తీసి ఇవ్వడం మా పని.

ఆ చిప్పు లోపల అంతా గదులు గదులుగా ఉంటుంది. వాటినే బ్లాకులంటారు. మా చిప్పులో వెయ్యికి పైచిలుకు ఉండేవి. పాత రాత మీద కొత్త రాత రాయాలంటే మొత్తం బ్లాకును ఒకేసారి చెరపాలి. చెరిపిన కొద్దీ బ్లాకు అరుగుతుంది. ఒకరోజు ఇక రాయలేనంటుంది. కొన్నయితే పుట్టుకతోనే చెడినవి. అవేవో ఫ్యాక్టరీవాళ్లే పరీక్షించి, ఆ బ్లాకుల్లోనే గుర్తు పెట్టి పంపుతారు.

ఈ గుర్తుల సంగతి నాకు తెలియదు. మొదటి మూడు చిప్పులు చేతికి రాగానే, కొత్త గిన్నెను వాడేముందు కడిగినట్టు, మొత్తం శుభ్రంగా చెరిపేశాను. చెడ్డ బ్లాకుల గుర్తులు కూడా చెరిగిపోయాయి. ఇక ఏది మంచిదో ఏది చెడ్డదో ఆ చిప్పుకే తెలియదు. పెట్టెలు తప్పుడు లెక్కలు చూపిస్తుంటే హైదరాబాదులో వాటిని తయారుచేసిన ఇంజనీరుకు ఫోన్ చేశాను. నేనేం చేశానో మొదటి నుంచీ చెప్పించుకున్నాడు. తర్వాత మెల్లగా అడిగాడు, "చెరిపేముందు మార్కులు చదువుకున్నారా మేడమ్?"

"మార్కులేంది?" అన్నాను.

మూడు చిప్పులూ చెత్తబుట్టకు పోయాయి. సెక్షన్ బోర్డు మీద "ముందు చదువు, తర్వాత చెరుపు" అని రాసి కింద నా పేరు పెట్టాను. నెల రోజులు అందరూ నన్ను "సరోజనక్కా, చదివినవా?" అని ఆటపట్టించారు. పట్టిస్తే పట్టించారు. తప్పును దాచిపెడితే దాన్ని ఇంకొకరు మళ్లీ చేస్తారు. బోర్డు మీద పెడితే ఇంకెవరూ చేయరు. నా సర్వీసులో మళ్లీ ఎవరూ చేయలేదు కూడా.

బదిలీ ఫిల్లర్ బిడ్డ

పెట్టెతో వచ్చిన పుస్తకంలో, చిప్పులో నలభై బ్లాకులను విడిగా ఉంచుకోమని రాసి ఉంది. వాటిలో ఏమీ రాయకూడదు. ఏ బ్లాకైనా చెడిపోతే దాని పని వీటిలో ఒకదానికి అప్పగించాలి. మా పెట్టెలో ఒక బ్లాకుకు మాత్రం అన్నిటికంటే కష్టం ఎక్కువ. ఏ రీడింగు ఎక్కడ దాచామో పట్టిక రాసుకునే బ్లాకు అది. దాన్ని నిమిషానికోసారి చెరిపి రాస్తారు. రెండు నెలలు తిరిగేసరికి దాని పని అయిపోతుంది. అప్పుడు పక్కన కూర్చున్న నలభైలోంచి ఒకటి లేచి దాని జాగాలోకి రావాలి.

ఇది నాకు పుస్తకం చదివితే అర్థమైంది కాదు. మా నాయిన బదిలీ ఫిల్లర్, బాయిలో బొగ్గు ఎత్తి నింపే మనిషి.

బదిలీ అంటే మా దగ్గర ట్రాన్స్‌ఫర్ కాదు. రోజూ పొద్దున్నే డ్యూటీకి తయారై బాయి మీదికి పోవాలి. హాజరు వేసే మస్టర్ కాడ కూర్చోవాలి. పర్మినెంటు మనిషి ఎవరైనా నాగా పెడితే ఆ జాగాలో దిగాలి. ఎవరూ నాగా పెట్టకపోతే ఇంటికి రావాలి. నాయిన అట్లా నాలుగేళ్లు కూర్చున్నాడు. ఆయన, ఆయన లాగే బదిలీగా ఉన్న దోస్తు ఓదెలు కాక పక్కపక్కనే కూర్చునేవాళ్లు. పోయేటప్పుడు అమ్మ జొన్నరొట్టె, ఎల్లిగడ్డ కారం సద్ది కట్టేది. పని దొరకని రోజు ఆ సద్ది మూట విప్పకుండానే ఇంటికి వచ్చేది, మేం పిల్లలం పంచుకుని తినేవాళ్లం. నాయినకు పని దొరకొద్దని మనసులో కోరుకున్న రోజులున్నాయి నాకు. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది. అప్పుడు ఆకలేసేది.

మస్టర్ ముందు నుంచి పోయే ఆఫీసర్లు కొందరు "వీళ్లందరూ ఖాళీగా కూర్చుంటారేంటి" అనేవాళ్లట. సమ్మక్క జాతరకు సగం బాయి నాగా పెట్టినప్పుడు అదే ఆఫీసర్లు జీపులేసుకుని కాలనీకి వచ్చి బదిలీలను లేపుకుపోయేవాళ్లు.

అర్ధ రోజు

కొన్నేళ్లకు మా సెక్షన్‌కు శేషగిరి గారు ఇంజనీరుగా వచ్చారు. చెడ్డవాడు కాదు. పని తెలిసినవాడు, ఎవరి మీదా అరవడు. ఆయనకు ఉన్న జబ్బల్లా కాగితం మీద అంకె నిండుగా కనిపించాలి.

ఆ ఏడు సేఫ్టీ విభాగం నుంచి కాగితం వచ్చింది. ప్రతి పెట్టెలో పూర్తిగా పదిహేను రోజుల రికార్డు ఉండాలని దాని సారాంశం. మా పెట్టెల్లో పద్నాలుగున్నర రోజులే పట్టేది. శేషగిరి గారు నా బల్ల దగ్గర కూర్చుని పుస్తకం తిరగేశారు.

"సరోజన గారూ, ఈ నలభై బ్లాకులు ఏం చేస్తున్నాయండీ?"

"కూర్చున్నాయి సార్."

"అంటే ఖాళీగానే కదా. వాటినీ వాడేస్తే మనకు పదిహేను రోజులు నిండిపోతుంది."

"అవి ఖాళీ కాదు సార్. వేరే బ్లాకు చెడిపోతే దాని పని చేసేటందుకు ఉన్నయి."

"చెడిపోయినప్పుడు చూద్దాంలెండి. పోనీ, ఒక మూడు ఉంచండి. మూడు చాలవా?"

నేను మూడుకు ఒప్పుకున్నాను. ఇది రాసేటప్పుడు చెయ్యి ఆగుతోంది, అయినా రాస్తున్నాను. ఆయన నన్ను బెదిరించలేదు. రాతలో ఆర్డరు ఇస్తానన్నారు, ఇవ్వలేదు, నేను మళ్లీ అడగలేదు. కొత్త బాసుతో మొదటి నెలలోనే పేచీ ఎందుకనుకున్నాను. మూడు బ్లాకులు ఆరు నెలలైనా వస్తాయి, ఆలోపు ఏదో ఒకటి చేసి మళ్లీ నలభై పెట్టుకుంటాననుకున్నాను. ఆరు పెట్టెల్లో నా చేత్తో నలభైని కొట్టేసి మూడు పెట్టాను. రిజిస్టరులో నా సంతకమే ఉంది. బదిలీ ఫిల్లర్ బిడ్డనై ఉండి ఆ పని చేశాను.

సేఫ్టీ విభాగానికి పదిహేను రోజుల గ్రాఫులు పోయాయి. శేషగిరి గారికి మెప్పు వచ్చింది. మళ్లీ నలభై పెట్టాలన్న సంగతి పనుల్లో పడి నేనే మర్చిపోయాను.

సున్నా గీత

ఓదెలు కాక అప్పటికి మైనింగ్ సర్దార్ అయ్యాడు. అంటే తన జాగాలో పనిచేసే మనుషుల ప్రాణాలకు ఆయనే జిమ్మేదారు. రిటైర్మెంటుకు రెండేళ్లుంది. మే నెలలో ఒక మధ్యాహ్నం షిఫ్టులో ఆయన చేతి మీటరు గ్యాస్ ఎక్కువ చూపించింది. కాక వెంటనే పని ఆపించి, తన కింద ఉన్నవాళ్లందరినీ బయటికి నడిపించాడు. పైనుంచి ఆఫీసర్లు వాళ్ల మీటర్లు పట్టుకుని దిగేసరికి గాలి సర్దుకుంది. వాళ్లకు ఏమీ కనిపించలేదు. ఒక షిఫ్టు బొగ్గు పోయింది. కారణం లేకుండా పని ఆపించాడని కాకను సస్పెండ్ చేసి ఛార్జిషీటు ఇచ్చారు. తేలకపోతే ఉద్యోగమే పోతుంది.

ఇక సాక్షి అంటే ఆ జాగాలో వేలాడుతున్న నా పెట్టె ఒక్కటే. దాన్ని పైకి తెచ్చి నా బల్ల మీద పెట్టారు. గ్రాఫు తీశాను. చివరి నాలుగు రోజులూ గ్యాస్ గీత సున్నా మీద స్కేలుతో గీసినట్టు పోయింది.

శేషగిరి గారు ఆ కాగితం చూసి, "గ్యాస్ లేదన్నమాట" అని పట్టుకుపోయారు.

నేను ఆ గీతను మళ్లీ తెర మీద పెట్టి చూశాను. బతికున్న సెన్సారు గీత ఎప్పుడూ వణుకుతూ ఉంటుంది. గ్యాస్ లేకపోయినా కొంచెం అటూ ఇటూ ఊగుతుంది. ఇంత తిన్నని గీత రావడం నేనెప్పుడూ చూడలేదు. చిప్పు బయటికి తీసి బ్లాకు బ్లాకూ చదివాను. పట్టిక బ్లాకు చెడిపోయింది. దాని జాగాలో మొదటిది వచ్చింది, అరిగింది. రెండోది వచ్చింది, అరిగింది. మూడోదీ అయిపోయింది. లేచి రావడానికి నాలుగోది లేదు. పట్టిక రాసుకునే చోటు లేక పెట్టె నాలుగు రోజుల కిందే రాయడం మానేసింది. పైన పచ్చ దీపం మాత్రం వెలుగుతూనే ఉంది. అది కరెంటు ఉందని చెప్పే దీపం, పనిచేస్తున్నానని చెప్పేది కాదు. ఇక గ్రాఫు గీసే ప్రోగ్రాము, రికార్డు లేని చోటల్లా సున్నా గీసి పెట్టింది.

రెండు రోజులు ఆ చిప్పును గాలించాను, కాక పని ఆపించిన మధ్యాహ్నం ముక్క ఎక్కడైనా దొరుకుతుందేమోనని. దొరకలేదు. రాయనిది ఎక్కడ దొరుకుతుంది?

మూడో రోజు ఓదెలు కాక వర్క్‌షాపు గేటు దగ్గరికి వచ్చి నన్ను పిలిపించాడు. గడ్డం మాసి ఉంది.

"బిడ్డా, నీ డబ్బ ఏమంటున్నది?"

"సున్నా అంటున్నది కాకా."

"సున్ననా?" కాక నవ్వాడు. "బొగ్గుబాయిల సున్నా గ్యాసా? మా ఇంట్ల వంటర్రల గూడ గంత సాఫ్ గాలి ఉండది."

"తప్పు డబ్బది కాదు కాకా. నాది" అని మొత్తం చెప్పాను. బ్లాకులంటే ఏంటో, బదిలీలతో పోల్చి చెప్పాను. ఆయన చివరిదాకా విన్నాడు. నన్ను తిడతాడనుకున్నాను, తిడితే బాగుండుననిపించింది.

"ఎంక్వయిరీల నా తరఫున మాట్లాడెటందుకు ఒకల్ని పిలుసుకోవచ్చన్నరు. నువ్వొస్తవా?" అని మాత్రం అడిగాడు.

శేషగిరి గారికి ఇది తెలిసి నన్ను పిలిచారు.

"గ్రాఫు ఉంది, గ్రాఫులో సున్నా ఉంది. మీరు అంతే చెప్పండి సరోజన గారూ. బ్లాకుల గొడవ ఎందుకు? రిజిస్టరులో సంతకం మీదే, నాది కాదు."

"అవును సార్, నాదే. అందుకే నేనే పోయి చెప్తా."

"మీకే నష్టం."

"నష్టం నాకే రానియ్యండి సార్. ఓదెలు కాకకెందుకు రావాలె?"

ఆ గదిలోంచి బయటికి వచ్చి, నా బల్ల దగ్గర ఇంకో గ్రాఫు తీసి పెట్టుకున్నాను.

సున్నా డిగ్రీలు

ఎంక్వయిరీ చేసినాయన వేరే బాయికి మేనేజర్‌గా చేసిన పెద్దమనిషి. నేను గదిలోకి పోతుంటే గోడ పక్కన కూర్చున్న ఒకాయన "ఆడమనిషి బాయి సంగతి ఏం చెప్తది" అన్నాడు, నాకు వినిపించేలాగే. నేను తిరిగి చూడలేదు. నాతో ఒక కాగితం తెచ్చుకున్నాను.

"సార్, మీ ముందున్న ఫైల్లో గ్యాస్ గ్రాఫు ఒక్కటే ఉంది. ఈ పెట్టె వేడి కూడా కొలుస్తుంది. అవే నాలుగు రోజుల వేడి గ్రాఫు ఇది" అని ఆయన ముందు పెట్టాను.

ఆయన కళ్లద్దాలు సవరించుకున్నారు. వేడి గీత కూడా సున్నా మీదే పోతోంది.

"మే నెల సార్. గోదావరిఖని బాయి. లోపల నాలుగు రోజులు సున్నా డిగ్రీలు ఉందంటారా? గ్యాస్ సున్నా నమ్మితే ఈ సున్నా కూడా నమ్మాలి సార్."

గోడ పక్కన కూర్చున్నాయనే ముందు నవ్వాడు. శేషగిరి గారు ఆ కాగితం అందుకుని దగ్గరగా పెట్టుకుని చూశారు. ఆ వేడి గ్రాఫు ఆయన తీసే చూడలేదని నాకు అప్పుడే తెలిసింది. మోసం చేసే మనిషి కాదాయన. తనకు కావలసిన అంకె కనిపించగానే పేజీ తిప్పడం మానేసే మనిషి. ఉద్యోగంలో మీకు మోసగాళ్లకంటే ఇట్లాంటివాళ్లే ఎక్కువ తగులుతారు.

"మరి పెట్టె ఎందుకు ఆగిపోయింది?" అని అడిగారు పెద్దాయన.

నేను చిప్పు, బ్లాకు, పట్టిక అంటూ మొదలుపెట్టాను. ఆయన ముఖం చూస్తే ఏమీ ఎక్కడం లేదని తెలుస్తూనే ఉంది. మాటలు తడబడ్డాయి. అప్పుడు ఓదెలు కాక చెయ్యెత్తాడు.

"సార్, నేను చెప్పనా? సమ్మక్క జాతరకు సగం మంది నాగా పెడ్తరు. ఆ దినం మీ బాయి ఎవలు నడిపిన్రు?"

"ఎవరు, బదిలీలు."

"ఈ డబ్బల గూడ నలుబై మంది బదిలీలుండెనట. ఖాళీగ కూసున్నరని ఎల్లగొట్టిన్రు. మస్టర్ రాసెటోడే నాగా పెట్టిండు. ఆని జాగల దిగెటోడు లేడు. డబ్బ బందయింది. గంతే సార్."

పెద్దాయన ఆ మాట కాగితం మీద రాసుకున్నారు. తర్వాత నా వైపు తిరిగి, "ఎవరు ఎల్లగొట్టారు?" అన్నారు.

"నేనే సార్. సంతకం నాదే. మూడు చాలవని తెలిసీ మూడు పెట్టాను. గ్యాస్ ఉందని నేను చెప్పలేను. కానీ లేదని ఈ పెట్టె చెప్పలేదు. చూడని సాక్షి మాట మీద ఈ మనిషి ఉద్యోగం తియ్యకండి."

శేషగిరి గారి పేరు నేను ఎత్తలేదు. ఆయన మీద జాలితో కాదు. చేసిన చెయ్యి నాది. ఆ తర్వాత ఆయనే గొంతు సవరించుకుని, "నేనే తగ్గించమన్నానండీ" అన్నారు. ఆ మాట ఆయన అంటారని నేను అనుకోలేదు. దానికి ఇవాళ్టికీ ఆయనకు దండం పెడతాను.

మెమో

ఓదెలు కాక మీద ఛార్జిషీటు ఎత్తేశారు. నాకు నిర్లక్ష్యం కింద మెమో వచ్చింది. దాచుకున్నాను. శాలువాల కిందే ఉంది. నా సర్వీసులో నాకు దొరికినవాటిలో అదొక్కటే నేను నిజంగా సంపాదించుకున్నది.

ఇక ఆ అర్ధ రోజు సంగతి. పెట్టెను పదిహేనో రోజుకు బదులు పద్నాలుగో రోజు పైకి తెచ్చి, రెండు గ్రాఫులను పక్కపక్కన అతికించి ఇస్తే పదిహేను రోజులు నిండిపోతుంది. ఖర్చు లేదు, కష్టం లేదు. ఈ ముక్క ఆయనకూ తట్టలేదు, నాకూ తట్టలేదు. ఎందుకంటే ఇద్దరం ఖాళీగా కూర్చున్నవాళ్లనే చూస్తూ ఉన్నాం.

తర్వాత వచ్చిన ప్రతి బాసూ ఆ నలభైని చూసి ఒకసారి అడిగారు. అందరికీ ఒకటే చెప్పాను, "రాతలో ఇవ్వండి సార్, నేను కూడా రాతలోనే కాదంటాను." ఎవరూ ఇవ్వలేదు. మీరూ ఇట్లాగే చెప్పండి. ఏమవుతుందని భయపడతారు? మహా అయితే మెమో వస్తుంది. రికార్డు లేని చోట "రికార్డు లేదు" అని రాయించండి, సున్నా గీయనివ్వకండి. దీపం పచ్చగా ఉందని నమ్మకండి. పని లేకుండా కూర్చున్నట్టు కనిపించేదాన్ని, మనిషైనా బ్లాకైనా, తీసెయ్యమని ఎవరైనా అంటే, అది ఎవరి జాగాలో దిగడానికి కూర్చుందో ముందు అడగండి.

ఎంక్వయిరీ అయిన వారానికి ఓదెలు కాక మళ్లీ డ్యూటీ ఎక్కాడు. ఆ రోజు షిఫ్టుకు ముందు టోపీ, లైటుతో మా సెక్షన్‌కు వచ్చాడు. నేను ఆరు పెట్టెలూ విప్పి పెట్టుకుని పాత చిప్పులు తీసేసి కొత్తవి వేస్తున్నాను. గుర్తులు చదివాకే వేస్తున్నాను. కాక మూత తీసి ఉన్న పెట్టెలోకి తొంగిచూశాడు.

"ఎంత మందిని కూసోబెట్టినవ్ బిడ్డా?"

"నలుబై మందిని కాకా."

"సద్ది తెచ్చుకున్నరా మరి?"

నవ్వబోయాను, నవ్వు రాలేదు. నాయిన పక్కన నాలుగేళ్లు కూర్చున్న మనిషి అడుగుతున్నాడు.

"తెచ్చుకున్నరు కాకా. పని దొరకకపోతే ఇంటికి పట్కపోతరు."

"పట్కపోనీ" అన్నాడు కాక, టోపీ పెట్టుకుంటూ. "పిల్లలు తింటరు."